పైన షూటింగ్, కింద పరీక్ష

ఆ పరీక్ష నేను రాయడం అది రెండోసారి. మొదటిసారి అమీర్‌పేటలో రాశాను. ఏ ఆటంకమూ లేకుండా, చల్లటి గదిలో, ఇచ్చిన సమయమంతా వాడుకుని మరీ తప్పాను. అందుకని రెండోసారి జరిగిన గొడవ ఎవరికైనా చెప్పాల్సి వచ్చినప్పుడు, తప్పంతా యంత్రాలదే అనడానికి నాకు కొంచెం మొహమాటంగా ఉంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు అవి. ఫిల్మ్‌నగర్‌లో ఒక మాటల రచయిత ఆఫీసులో టైపిస్టుగా పనిచేసేదాన్ని. ఆయన తెల్లకాగితాల మీద చేత్తో రాసేవారు. ఆ రాత ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. నేను దాన్ని కంప్యూటర్‌లో కొట్టి, ప్రింట్లు తీసి, సీన్ల వారీగా పిన్నులు కొట్టి ఇచ్చేదాన్ని. ఆఫీసులో మూడు కంప్యూటర్లుండేవి. వాటిలో ఏది మొరాయించినా బాగుచేసే మనిషికి కబురుపెట్టి రెండు రోజులు కాచుకోవాలి. ఈలోపు ప్రొడక్షన్ వాళ్ళు సీన్ల కోసం గుమ్మంలో నిలబడేవారు. ఆ బాగుచేసే మనిషి పక్కన నిలబడి చూసి చూసి, కొన్నాళ్ళకు అతన్ని పిలవాల్సిన అవసరం లేకుండా చేశాను. మూడు కంప్యూటర్లనూ కలిపి ఒకే ప్రింటర్ వాడుకునేలా చేసిన రోజు రచయితగారు, "అమ్మాయ్, నువ్విక్కడ ఉండాల్సినదానివి కావు" అన్నారు. ఆయన మెచ్చుకోలుగా అన్నారు. నేను సలహాగా తీసుకున్నాను.

అప్పుడు ఊరంతా సాఫ్ట్‌వేర్ మాటే. మేముండే రహమత్ నగర్‌లో, పక్కవాళ్ళ కూర వాసనను బట్టి ఆ రోజు ఏం వండారో చెప్పగలిగేంత ఇరుకు సందులో కూడా, ఇంటికొకరు ఏదో ఒక కంప్యూటర్ కోర్సు చేస్తుండేవారు. నేను నెట్‌వర్కింగ్ ఎంచుకున్నాను. నా డిగ్రీ కరెస్పాండెన్స్‌లో చేసింది, అదీ తెలుగు మీడియం. మాదాపూర్‌లో ఒక కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూ చేసి, నెలాఖరులోపు సర్టిఫికెట్ తెచ్చిస్తే సపోర్టు విభాగంలో తీసుకుంటామన్నారు. నెలాఖరుకు తొమ్మిది రోజులుండగా, ఒక ఆదివారం పొద్దున పదింటికి పరీక్ష పడింది. ఈసారి సెంటరు జూబ్లీహిల్స్‌లో.

మా ఆయన జూబ్లీహిల్స్‌లోనే ఒక సినిమా కుటుంబం దగ్గర కారు డ్రైవరు. వాళ్ళ అమ్మగారిని ఎక్కడికో తీసుకెళ్ళడానికి బయలుదేరుతూ, దారిలో నన్ను ఆ కారులోనే దింపాడు. గేటు దగ్గర కారాగగానే వాచ్‌మన్ లేచి సలాం కొట్టాడు. నేను దిగేసరికి ఏం చేయాలో తోచక చెయ్యి కిందికి దించేశాడు.

"పోయినసారి పరేషానైనవ్. గీసారి జర నిమ్మళంగ రాయి" అని మా ఆయన కారు వెనక్కి తిప్పుకున్నాడు.

అది రెండంతస్తుల బంగళా. యజమాని వేరే చోట ఉంటాడు. కింది భాగం ఒక శిక్షణ సంస్థకు కిరాయికిచ్చి, పై భాగాన్నీ ముందున్న పచ్చికనూ షూటింగులకు ఇస్తుంటాడు. నేను వెళ్ళేసరికి వ్యానులోంచి లైట్లు దించుతున్నారు. వంటవాళ్ళు వెనక షామియానా కింద ఉల్లిపాయలు తరుగుతున్నారు. రోజూ చూసేదే కాబట్టి నేను పట్టించుకోలేదు.

సెంటరు చూసుకునే ఆవిడ నాకంటే చిన్నది. రాజమండ్రి వైపు నుంచి వచ్చి మూడు నెలలే అయిందని తర్వాత తెలిసింది. బ్యాగు లాకర్లో పెట్టించి, గడియారం తీయించి, నియమాల కాగితం తనే చదివి వినిపించింది.

"పరీక్ష మొదలయ్యాక పర్మిషన్ లేకుండా గది దాటకూడదండీ. దాటితే రిజల్ట్ క్యాన్సిల్ చేయొచ్చు. నేను కూడా మిమ్మల్ని వదిలి బయటికి వెళ్ళకూడదు. ఇక్కడ సంతకం పెట్టండి."

పెట్టాను. నాతోపాటు ఆ రోజు రాసేవాళ్ళు ఇంకొక్కరే. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చేసిన పొడుగు చేతుల చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆ పెన్నులు కూడా లాకర్లో పెట్టాలంటే కాస్త నొచ్చుకున్నాడు. సనత్‌నగర్ వైపు ఒక ఫ్యాక్టరీలో కరెంటు పనిచేసేవాడట. ఫ్యాక్టరీ మూతపడింది. తాను ఉండే యూసుఫ్‌గూడలోనే ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెప్పడానికి అడిగితే, పని వచ్చినా సర్టిఫికెట్ లేనిదే కుదరదన్నారట. ఇదంతా రిజిస్టర్‌లో సంతకం పెడుతూ, అడగకుండానే చెప్పాడు.

ఆయన కంప్యూటర్ మొదట్లోనే బిగుసుకుపోయింది. ఆవిడ దాన్ని ఆపి, మళ్ళీ తెరిచింది. అప్పుడు మేము దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

తొంభై నిమిషాలు, అరవై ప్రశ్నలు. పద్నాలుగో ప్రశ్న దగ్గరున్నాను. పైన ఏదో బరువైనది ఈడ్చిన చప్పుడైంది. గదిలో దీపాలు మసకబారాయి. మూలనున్న యూపీఎస్ కీచుమని అరిచి ఊరుకుంది. రెండు తెరలూ ఒక్కసారిగా నల్లబడ్డాయి. క్షణంలో దీపాలు మామూలైపోయాయి. కంప్యూటర్లు మాత్రం మొదటినుంచి లేవాల్సి వచ్చింది. ఆవిడ వచ్చి పాస్‌వర్డ్ కొట్టింది. నా పద్నాలుగో ప్రశ్న, మిగిలిన నిమిషాలు, పెట్టిన జవాబులు అన్నీ భద్రంగా ఉన్నాయి. ఊపిరి పీల్చుకున్నాను.

ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర మళ్ళీ అదే జరిగింది.

ఈసారి ఆవిడ ఫోను తీసుకుంది. హెల్ప్‌లైన్‌లో ఎవరితోనో చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడింది. పెట్టేశాక మా ఇద్దరి మధ్య నిలబడి, నేలవైపు చూస్తూ చెప్పింది.

"ఒక పరీక్షను మూడుసార్లే తెరవనిస్తారటండీ. మేడమ్‌ది రెండుసార్లు తెరిచాం. ఇంకొక్కసారి ఉంది. సార్‌ది పొద్దున హ్యాంగైంది కదా, దాంతో కలిపి మూడూ అయిపోయాయి. లాక్ అయిపోయింది."

"అంటే?" అన్నాడాయన.

"ఈ రోజుకి రాయలేరండీ. నేను రిపోర్టు పంపిస్తాను. తప్పు మీది కాదని వాళ్ళనుకుంటే మళ్ళీ రాయనిస్తారు."

ఆయన కాసేపు నల్లటి తెరనే చూశాడు. నేను ఆయన వైపు చూడలేకపోయాను. సిగ్గుపడాల్సిన సంగతే కానీ, ఆ క్షణాన నా మనసులో ఉన్నది నాకింకా ఒకసారి మిగిలిందన్న మాట ఒక్కటే.

ఆవిడ వెంటనే నా కంప్యూటర్ దగ్గరికి రాబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగమ్మా. నాదెట్లాగూ పాయె. గీ బిడ్డది గూడ పోగొడ్తవా? ఇప్పుడు తెరుస్తవ్, పదినిమిషాలకు మళ్ళ పోతది. అసలు కరెంటుకేమైందో సూడొద్దా?"

"యూపీఎస్ బ్యాటరీలు పోయాయండీ. హెడ్డాఫీసుకి మూడుసార్లు రాశాను."

"అది ఒకటి. కాని దీపాలు పూర్తిగ పోతలేవు, గుంజినట్టయి మళ్ళ వస్తున్నయి. మీదోళ్ళు పెద్ద లైట్లు ఏసినప్పుడల్లా గిట్లయితుంది. వాళ్ళు ఇంటి కరెంటే వాడుతున్నరు."

ఆవిడ వాచ్‌మన్‌ను పైకి పంపింది. అతను రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. షాట్ నడుస్తోందని తరిమేశారట. తన పరీక్ష ఎటూ ముగిసింది కాబట్టి ఈసారి పెద్దాయనే వెళ్ళాడు. ఆయన్నీ మెట్ల దగ్గరే ఆపేశారు. ఎవరో హీరోను చూడటానికి వచ్చిన మనిషనుకున్నారట.

ఇంక ఎవరు వెళ్తే పనవుతుందో నాకు తెలుసు. పొద్దున వ్యాను పక్కన నిలబడి కేకలేస్తున్న ప్రొడక్షన్ మేనేజర్ నాకు తెలిసిన మనిషే. సీన్ల కోసం మా ఆఫీసుకి వచ్చి, ఇంకా ఎంతసేపని నా నెత్తిమీద నిలబడేవాడు. లేచి నిలబడ్డాను.

"నేను వెళ్ళి మాట్లాడొస్తానండీ. ఆయన నాకు తెలుసు."

ఆవిడ ముఖంలో రంగు మారింది. "వద్దండీ. మీ పరీక్ష ఇంకా నడుస్తున్నట్టే లెక్క. నేను పర్మిషన్ ఇవ్వలేను. రూల్లో లేదు."

"కంప్యూటరే నడవట్లేదు కదండీ."

"నేను వెళ్ళొద్దనే చెప్తున్నాను. మీరు వెళ్తే, చూడలేదని మాత్రం రాయలేను."

అది బెదిరింపులా లేదు. ఉన్నమాట చెప్పినట్టే ఉంది. నేను ఇంకోసారి ఆలోచిస్తే కూర్చుండిపోతానని తెలిసి, తలుపు తీసుకుని బయటికి నడిచాను. పెద్దాయన నా వెనకే వచ్చాడు.

పై హాల్లో భోజనాల బల్ల వేసి, పది కంచాలు సర్ది, చుట్టూ లైట్లు నిలబెట్టారు. ఆ వేడికి కంచాల్లోని అప్పడాలు మెత్తబడిపోయి ఉన్నాయి. మేనేజర్ నన్ను చూడగానే నెత్తికి చేతులు పెట్టుకున్నాడు.

"ఏమ్మా, మళ్ళీ డైలాగ్ మార్చారా? షాట్ మధ్యలో కాగితాలు తేవద్దని మీ సార్‌కి చెప్పానా లేదా?"

"కాగితాలు కాదండీ. కింద నేను పరీక్ష రాస్తున్నాను."

ఆయనకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. నేను గబగబా అంతా చెప్పాను. ఆఫీసు మనుషులతో మాట్లాడేటప్పుడు నా భాష దానంతటదే వాళ్ళ భాషగా మారిపోయేది. ఆ రోజు మాత్రం సగం దారిలో ఇంటి భాషలోకి దిగిపోయాను. "గీ ఒక్కసారి పోతె నాకింక లేదన్నా" అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"మా జనరేటర్ వ్యాను పొద్దున్నే చచ్చిందమ్మా" అన్నాడాయన గొంతు తగ్గించి. "ఇంటి కరెంటు మీదే లాగుతున్నాం. ఓనర్ ఒప్పుకున్నాడు. ఆర్టిస్టు రెండింటికి వెళ్ళిపోతారు. ఆపమంటే నా ఉద్యోగం పోద్ది."

ఆపమని అడిగే ధైర్యం నాకు లేదు. అప్పుడు పెద్దాయన ముందుకొచ్చాడు.

"ఆపొద్దు సార్. మీ లైట్లన్నీ ఒక్క ఫేజు మీదనే ఏసినట్టున్నరు. కింద గది గూడ గదే ఫేజు. రెండు పెద్ద లైట్లు ఇంకో ఫేజుకు మారిస్తె మీకూ మంచిది, మాకూ మంచిది. లేకుంటె ఇంకో గంటకు మీ ఫ్యూజులే పోతయ్."

లైట్ల పని చూసే అతను చిరాగ్గా చూశాడు. "మీరెవరండీ చెప్పడానికి?"

"ఫ్యాక్టరీల గిదే పని చేసినోణ్ణి. నేను ముట్ట. నువ్వే మార్చు, నేను పక్కన నిలబడ్త."

ఫ్యూజులు పోతాయన్న మాట మేనేజర్‌కి బాగా తాకింది. షాటుకీ షాటుకీ మధ్య పది నిమిషాలిచ్చాడు. మెట్ల కింద మీటరు బోర్డు దగ్గర ఆ ఇద్దరూ వంగి పని చేస్తుంటే, నేను టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను. మొదట ముక్తసరిగా మాట్లాడిన లైట్‌మన్, పని అయ్యేసరికి పెద్దాయనను "గురువుగారూ" అంటున్నాడు.

నేను గదిలోకి తిరిగి రాగానే ఆవిడ పాస్‌వర్డ్ కొట్టింది. తెర మీద ముప్పై ఒకటో ప్రశ్న వచ్చింది. నలభై ఆరు నిమిషాలు మిగిలున్నాయి. పెద్దాయన బయట మెట్ల మీద కూర్చున్నాడు. కిటికీలోంచి ఆయన వీపు కనిపిస్తోంది.

కాసేపటికి పైన లైట్లు వేశారు. గదిలో దీపం ఒక్కసారి వణికింది. తెర అలాగే నిలిచింది. ఆ తర్వాత పైన ఒకావిడ ఏడుస్తూ చెప్పే డైలాగు నేలగుండా మళ్ళీ మళ్ళీ వినిపించింది. తొమ్మిదిసార్లో పదిసార్లో చెప్పించారు. అందులో రెండు మాటలు ఎక్కువున్నాయని నాకు అనిపించడం, దాన్ని వదిలించుకుని, నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడగొట్టే సబ్‌నెట్ లెక్క మళ్ళీ మొదటినుంచి వేసుకోవడం గుర్తుంది. చివరి ప్రశ్న అయ్యేసరికి ఆరు నిమిషాలు మిగిలాయి. అవి వాడుకోకుండా ముగించేశాను. ఇంకోసారి చూసుకునే ఓపిక లేదు. దీపాల మీద నమ్మకమూ లేదు.

పాసయ్యాను. రావలసిన మార్కులకు కొద్దిగా పైన. ప్రింటర్ నుంచి కాగితం వస్తుంటే ఆవిడ "కంగ్రాట్స్ అండీ" అని, దాని మీద ముద్ర గుద్ది ఇచ్చింది. తర్వాత రిపోర్టు కాగితం ముందు పెట్టుకుని, పెద్దాయనను కూడా లోపలికి పిలిచింది.

"సార్‌కి మళ్ళీ రాసే ఛాన్స్ రావాలంటే తప్పు బిల్డింగ్ కరెంటుదని రాయాలి. అది ఎలా తెలిసింది, ఎవరు చూశారు, ఎలా సరిచేశారు అని అడుగుతారు. అదంతా రాస్తే మేడమ్ బయటికి వెళ్ళిన సంగతి కూడా రాయాల్సిందే."

"సార్ ఒక్కరే వెళ్ళారని రాయండి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "పైన అంతమంది చూశారు. రాస్తే జరిగిందే రాస్తానండీ. అది మీకు ఇష్టం లేకపోతే, కారణం తెలియలేదని రాసి వదిలేస్తాను. అప్పుడు సార్‌కి మళ్ళీ రాసే ఛాన్స్ రాదు."

పెద్దాయన నా వైపు చూడలేదు. లాకర్లోంచి తీసుకున్న పెన్నులు జేబులో పెట్టుకుంటూ అన్నాడు. "నీ కాయితం నీ చేతిలుంది బిడ్డా. నేను అడగ. నీ ఇష్టం."

అడిగి ఉంటే బాగుండేదనిపించింది. అడిగితే కాదనడానికి ఏదో ఒక కారణం వెతుక్కునేదాన్ని. చేతిలో కాగితం ఇంకా వెచ్చగానే ఉంది. మాదాపూర్ కంపెనీ, తొమ్మిది రోజులు, మా ఆయన ముఖం, ఇవన్నీ వరసగా వచ్చి వెళ్ళాయి. చివరికి నన్ను కదిలించింది గొప్ప ఆలోచనేమీ కాదు. ఈ కొండ దిగి చెక్‌పోస్టు దగ్గర ఆయనా నేనూ ఒకే బస్సెక్కాలి. యూసుఫ్‌గూడ దాకా ఆయన పక్కన ఎలా కూర్చోవాలో నాకు తెలియలేదు.

"జరిగింది జరిగినట్టు రాయండి" అన్నాను.

ఆవిడ రెండు పేజీలు రాసింది. తాను వద్దని చెప్పినట్టూ, నేను వెళ్ళినట్టూ, వెళ్ళబట్టే పరీక్ష పూర్తయినట్టూ, బ్యాటరీల గురించి తాను ముందే మూడుసార్లు రాసినట్టూ. ముగ్గురం సంతకాలు పెట్టాం.

ఇంట్లో చెప్పగానే మా ఆయన అన్నం ముందునుంచి లేచాడు. "పాసైనవ్ గదా! మంచిగున్నదాన్ని నువ్వే పాడు చేసుకున్నవ్. నీకెందుకు గా లొల్లి?" అన్నాడు. రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున టీ తాగుతూ, "గా పెద్దాయనకు ఎంతమంది పిల్లలంట?" అని అడిగాడు. తెలియదన్నాను. "అడగకపోతివా" అన్నాడు. అంతటితో ఆ గొడవ ముగిసింది.

అనుకున్నట్టే నా ఫలితాన్ని ఆపి ఉంచారు. విచారణ పూర్తయ్యేదాకా సర్టిఫికెట్ చెల్లదని ఉత్తరం వచ్చింది. మాదాపూర్ కంపెనీకి వెళ్ళి సంగతంతా చెప్పాను. అక్కడి ఆవిడ మర్యాదగా విని, మంచినీళ్ళిచ్చి, తేదీ దాటితే తాము చేయగలిగేది లేదని చెప్పింది. నెలాఖరున ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చారు. ఆ రోజు ఆఫీసుకి వెళ్ళి ఒక పెళ్ళి సీను టైపు చేశాను. పదహారు పేజీలు, ఒక్క తప్పు లేకుండా. సాయంత్రం వెళ్ళేటప్పుడు రచయితగారు, "ఆ ప్రింటర్ వ్యవహారం ఇంకెవరికైనా నేర్పి పెట్టమ్మా, నువ్వెళ్ళాక ఇబ్బంది పడకుండా" అన్నారు.

నాలుగో వారంలో రెండో ఉత్తరం వచ్చింది. నా ఫలితం చెల్లుతుందనీ, ఇకమీదట నియమాలు పాటించాలనీ అందులో ఉంది. సెంటరు ఆవిడకు ఫోన్ చేస్తే, పెద్దాయనకు ఫీజు లేకుండా మళ్ళీ రాసే అవకాశం ఇచ్చారని చెప్పింది. నన్ను ఆపలేకపోయినందుకు తనకు చీవాట్లు పడ్డాయట. "బ్యాటరీలు మాత్రం కొత్తవి పంపించారండీ" అని నవ్వింది. ఆవిడ నవ్వడం నేను వినడం అదే మొదటిసారి.

పెద్దాయన పరీక్ష రోజున ఆ బంగళాలో షూటింగ్ ఏమైనా ఉందా అని ప్రొడక్షన్ మేనేజర్‌ను ముందే కనుక్కున్నాను. లేదన్నాడు. పెద్దాయన ప్రశాంతంగా రాసి, నాకంటే చాలా మంచి మార్కులతో పాసయ్యాడు. వారం తర్వాత బయోడేటా టైపు చేయించుకోవడానికి మా ఆఫీసుకి వచ్చాడు. భార్య పోయిందనీ, ఇద్దరు ఆడపిల్లలనీ, పెద్దమ్మాయి బీఎస్సీ అనీ అప్పుడు తెలిసింది. సర్టిఫికెట్ సంగతి అన్నిటికంటే పైన పెడదామని నేనంటే ఒప్పుకోలేదు.

"ముందుగాల ఫ్యాక్టరీ పని రాయి. గది నాకు పక్కాగ వచ్చు. ఇదింక నేర్చుకుంటున్న గదా" అన్నాడు.

ఆయన చెప్పినట్టే కొట్టిచ్చాను. మరుసటి నెలలో యూసుఫ్‌గూడ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. నాకు ఉద్యోగం రావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. బేగంపేటలో ఒక చిన్న కంపెనీ. ఇంటర్వ్యూలో, కంప్యూటర్లు ఊరికే రీస్టార్ట్ అవుతుంటే మొదట ఏం చూస్తావని అడిగారు. కరెంటు ఎక్కడినుంచి వస్తోందో చూస్తానన్నాను. అడిగినాయన తలెత్తి, ఇంకా చెప్పమన్నాడు.